సర్పంచ్ కుర్చీలో ఎవరున్నారన్నది ఎందుకు ముఖ్యం

(కొత్తగా ఎన్నికైన సర్పంచులు, వార్డు మెంబర్లు, పంచాయతీ కార్యదర్శుల శిక్షణలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు కుర్చీల్లో కొత్తగా గెలిచిన సర్పంచులు, వార్డు మెంబర్లు ఉన్నారు. వెనక గోడకు ఆనుకుని, వాళ్లను బండి మీద తీసుకొచ్చిన భర్తలు, మరుదులు, కొడుకులు నిలబడి ఉన్నారు. మీరూ లోపలికొచ్చి కూర్చోండయ్యా. ఇవాళ చెప్పబోయే దాంట్లో సగం మీకు సంబంధించినదే.

చట్టం సంగతి మీకు తెలిసిందే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీ సీట్లలోనూ, అధ్యక్ష పదవుల్లోనూ మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లకు ఉంచాలని 243-డి అధికరణ చెప్పింది. 2006లో బీహార్ దాన్ని సగం చేసింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా సగం చేసింది. తెలంగాణ 2018 చట్టంలోనూ సగమే. మొదలై ముప్పై ఏళ్లు దాటిపోయింది. అయినా ఎన్నికలు అయిన ప్రతిసారీ రచ్చబండ దగ్గర అదే మాట వినపడుతుంది: ‘ఆమె అయితేనేం, ఆయన అయితేనేం, పని జరగాలి గానీ.’ పని జరగడానికీ, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారనే దానికీ గట్టి సంబంధం ఉంది. కొలిచి చూసినవాళ్లున్నారు. ఆ లెక్కలతో సహా చెబుతాను.

ముందు రెండు మాటలు పక్కన పెడదాం. ఒకటి, ‘ఆడవాళ్లు పుట్టుకతోనే నిజాయితీపరులు, దయగలవాళ్లు, అందుకే వాళ్లు పాలిస్తే మంచిది’ అనేది. వినడానికి బాగుంటుంది కానీ, ఆ పొగడ్త మీ మెడకే చుట్టుకుంటుంది. మగ సర్పంచ్ తప్పు చేస్తే ఒక మనిషి తప్పు చేశాడంటారు. మీరు చేస్తే ఆడవాళ్లకు ఇస్తే ఇంతే అంటారు. రెండోది, ‘ఆడా మగా అంతా ఒకటే, ఎవరున్నా ఒకటే’ అనేది. ఇందులో సగమే నిజం. మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ హైడ్ 2005లో ఆడ-మగ తేడాల మీద అప్పటిదాకా వచ్చిన 46 పెద్ద సమీక్షలను ఒకచోట పెట్టి చూశారు. చదువు, మాట, లెక్క, ఆత్మవిశ్వాసం, నాయకత్వం ఇలా అన్నీ చూస్తే, తేడాల్లో 78 శాతం చిన్నవో, లేనట్టే లెక్కించదగ్గవో అయ్యాయి. బాగా పెద్దగా కనిపించినవాటిలో ఒకటి బంతిని ఎంత వేగంగా విసరగలరు అనేది. పంచాయతీ నడపడానికి దాంతో పని లేదు.

మరి బుద్ధిలో తేడా అంత తక్కువైతే, ఊరి పనుల్లో ఆడవాళ్లు ముందు అడిగేదీ, మగవాళ్లు ముందు అడిగేదీ ఎందుకు వేరుగా ఉంటాయి? గ్రామసభలో ఒకరు లేచి మాట్లాడతారు, ఒకరు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కామెతో చెబుతారు, ఎందుకు? దీనికి రెండు కారణాలు. పెంపకం ఒకటి, రోజూ చేసే పని ఒకటి. రెండింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే వాటికి మందులు వేరు.

పెంపకం సంగతి. 2009లో గ్నీజీ, లెనర్డ్, లిస్ట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రెండు సమాజాల్లో ఒకే ఆట ఆడించారు. ఒకటి టాంజానియాలోని మాసాయి సమాజం, అక్కడ పెత్తనమంతా మగవాళ్లది. రెండోది మన మేఘాలయలోని ఖాసీ సమాజం, అక్కడ ఇల్లూ ఆస్తీ కూతుళ్ల ద్వారా దిగుతాయి, ఇంటి ఆస్తి చిన్న కూతురికి వస్తుంది. ఆట ఏమిటంటే, మూడు మీటర్ల దూరంలో ఉన్న బకెట్లో టెన్నిస్ బంతి వెయ్యాలి, పదిసార్లు. పడిన ప్రతి బంతికీ ఇంత అని తీసుకోవచ్చు. లేదా కంటికి కనపడని ఇంకో ఆటగాడితో పోటీకి దిగి, గెలిస్తే బంతికి మూడు రెట్లు తీసుకోవచ్చు. ఏది కావాలో ముందే చెప్పాలి. మాసాయిల్లో పోటీ కోరుకున్న మగవాళ్లు 50 శాతం, ఆడవాళ్లు 26 శాతం. ఖాసీల్లో ఆడవాళ్లు 54 శాతం, మగవాళ్లు 39 శాతం. ‘పోటీ ఆడవాళ్ల స్వభావంలోనే లేదు’ అనే మాట ఇక్కడ నిలబడదు.

తర్వాత పిల్లల మీద కూడా ఇలాంటి పరిశీలనే జరిగింది. ఖాసీ పిల్లల్నీ, తండ్రి పెత్తనం ఉండే కార్బీ సమాజపు పిల్లల్నీ పోల్చారు. చిన్న వయసులో రెండు చోట్లా ఆడపిల్లలు మగపిల్లలకు తీసిపోలేదు. ఈడొచ్చే వయసుకు కార్బీ ఆడపిల్లలు వెనక్కి తగ్గారు, ఖాసీ ఆడపిల్లలు తగ్గలేదు. అంటే ఏ వయసులో ఏం జరుగుతోందో కూడా తెలిసిపోయింది. ఆ వయసులో మన ఇళ్లలో ఏం మాటలు వినపడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. గట్టిగా నవ్వకు. మగవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకు. వీధి అరుగు మీద కూర్చోకు. నీకెందుకవన్నీ. అన్నకు పన్నెండేళ్లు రాగానే బ్యాంకుకూ, ఎరువుల కొట్టుకూ వెంట తీసుకెళతారు. చెల్లికి పన్నెండేళ్లు రాగానే ఆ వెళ్లే కొద్దిపాటి చోట్లూ మానిపిస్తారు. పదేళ్ల తర్వాత ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడటం ఒకరికి అలవాటు, ఇంకొకరికి కాళ్లలో వణుకు.

ఒక్క మాట కలపాలి. ఖాసీల్లో ఆస్తి ఆడవాళ్ల వైపున్నా, ఊరి దర్బారు మాత్రం సంప్రదాయంగా మగవాళ్లదే. ఆస్తి వచ్చినంత మాత్రాన సభలో మాట రాదు. సభకు వేరే సాధన కావాలి. మనకు ఇంకో చిక్కుంది. మన ఊళ్లలో సర్పంచ్ అయిన ఆమె చాలా వరకు ఆ ఊరి కోడలు. ఎదురుగా కూర్చున్న సగం మంది మామగార్లు, బావగార్లు. మామగారి ముందు కుర్చీ ఎక్కకూడదని నేర్పిన ఊళ్లోనే ఆమె ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆయన దరఖాస్తు చూడాలి. కాబట్టి కుర్చీ విషయంలో మొహమాటపడొద్దు అమ్మా. ప్రమాణ స్వీకారం రోజునే అందులో కూర్చోండి, ఆఖరు రోజుదాకా అందులోనే కూర్చోండి. మామగారికి ఇంట్లో లేచి నిలబడండి, పంచాయతీ ఆఫీసులో ఆయనకు ఎదురు కుర్చీ చూపించండి. మర్యాద రెండు చోట్లా ఉంటుంది.

ఇక రెండో కారణం, రోజూ చేసే పని. నా మటుకు ఇదే అసలు విషయం. నీళ్లనే తీసుకుందాం.

1,500 జనాభా ఉన్న ఊరు అనుకోండి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే 82,500 లీటర్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు 40,000 లీటర్లదైతే రోజుకు రెండుసార్లు నిండా నింపినా ఇంకా 2,500 తక్కువ. బోరు మోటారు గంటకు 10,000 లీటర్లు ఎత్తితే ఎనిమిది గంటల పైన నడవాలి. ఇది కాగితం మీది లెక్క. ట్యాంకు దగ్గరి వీధి, మధ్య వీధి, చివరి వాడ అనే లెక్క ఇందులో కనపడదు. ట్యాంకు దగ్గరి ఇళ్లవాళ్లు కుళాయికే అర హార్స్‌పవర్ మోటారు తగిలిస్తారు. లైన్లో ప్రెషరు పడిపోతుంది. చివరి వాడలో కుళాయి బుసకొట్టి ఆగిపోతుంది. పైగా పంపు ఆపరేటరు తనకు వీలైన పది గంటలకు వాల్వు తిప్పుతాడు, చివరి వాడ ఆడవాళ్లు ఎనిమిదికే కూలికి వెళ్లిపోయి ఉంటారు.

ఇప్పుడు ఈ సమస్య సభలోకి ఎలా వస్తుందో చూడండి. నీళ్లు మోయనివాళ్లు చెబితే ‘నీళ్లు చాలట్లేదు, ఇంకో బోరు వేయించండి’ అని వస్తుంది. బోరంటే లక్షల పని, దానికో కాంట్రాక్టరు, కొబ్బరికాయ, ఫొటో. మోసేవాళ్లు చెబితే ‘మా వైపు లైనుకు వేరే వాల్వు పెట్టించండి, మా లైను ముందు తిప్పించండి, పొద్దున్నే ఆరింటికి వదలమనండి, ఆ మోటార్లు పీకించండి’ అని వస్తుంది. వాల్వు వేలల్లో పని. కొత్త బోరు వేసినా లైను మారకపోతే ఆ నీళ్లు కూడా మొదటి వీధిలోనే ఆగుతాయి. రెండో మాట చెప్పగలిగిన మనిషి తెలివైందని కాదు, బిందె పట్టుకుని నిలబడింది కాబట్టి ఆమెకు తెలుసు. ఊరి గురించిన జ్ఞానం పనుల వెంట పంచుకుపోయి ఉంటుంది. పొలం గట్టు దారి, ఎరువు, కరెంటు మోటారు సంగతి ఒకరి దగ్గర. నీళ్లు, మరుగుదొడ్డి, బడి అన్నం, సాయంత్రం వెలగని వీధి దీపం సంగతి ఇంకొకరి దగ్గర. ఒకే రకం మనుషులు కూర్చున్న పాలకవర్గంలో ఊరి సంగతి సగమే తెలిసి ఉంటుంది, మిగతా సగం తెలియదన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

దీన్ని చట్టోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టి చూపించారు. 2004లో అచ్చయిన పని అది. పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లా, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా తీసుకున్నారు. అక్కడ ఏ పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వు కావాలన్నది క్రమ సంఖ్యల ప్రకారం పడింది, ఊరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదు. అందుకే రిజర్వు అయిన ఊరినీ కాని ఊరినీ నిజాయితీగా పోల్చడం కుదిరింది. రెండు జిల్లాల్లోనూ ఆడవాళ్లు అధ్యక్షులైన చోట తాగునీటి పనులు పెరిగాయి. రోడ్ల దగ్గర మాత్రం రెండు జిల్లాలూ రెండు దారులు పట్టాయి. బీర్భూమ్‌లో రోడ్డు పనులు పెరిగాయి, ఉదయ్‌పూర్‌లో తగ్గాయి. ఎందుకని చూస్తే, బీర్భూమ్ ఆడవాళ్లు ఫిర్యాదు చేసే వాటిలో రోడ్లు కూడా ఉన్నాయి. ఉదయ్‌పూర్‌లో రోడ్డు అడిగేది పనికోసం బయటికెళ్లే మగవాళ్లు. చూశారా, ‘ఆడవాళ్లకు నీళ్లు, మగవాళ్లకు రోడ్లు’ అని పుట్టుకతో రాసిపెట్టి లేదు. ఏ ఊళ్లో ఎవరు ఏ పని చేస్తున్నారో దాన్ని బట్టి కోరిక మారింది, కోరికను బట్టి ఖర్చు మారింది. ఇంకోటి కూడా కనిపించింది. బీర్భూమ్‌లో గ్రామ సమావేశాలకు వచ్చినవాళ్లలో ఆడవాళ్లు 6.9 శాతం ఉంటే, ఆడ ప్రధాన్, అంటే పంచాయతీ అధ్యక్షురాలు, ఉన్న చోట 9.9 శాతం. తక్కువేనంటారా? తక్కువే. కానీ కుర్చీలో ఒక్క మనిషి మారినందుకు వచ్చిన తేడా అది.

అదే లెక్కన ఇంకో మాట ఒప్పుకోవాలి. ఆడవాళ్లంతా ఒకటి కాదు. ఇంట్లో సొంత బోరు, సొంత మోటారు ఉన్న ఇంటి ఆడమనిషి బిందె పట్టుకుని నిలబడదు. చివరి వాడ నీళ్ల సంగతి ఆమెకు ఎంత తెలుసో, ఆమె భర్తకూ అంతే తెలుసు. కాబట్టి పాలకవర్గంలో ఆడవాళ్ల తలలు లెక్కపెట్టుకుని తృప్తిపడితే చాలదు. ఏ వాడ నుంచి, ఏ కులం నుంచి, కూలికి వెళ్లే ఇంటి నుంచా, భూమి ఉన్న ఇంటి నుంచా, ఒంటరిగా సంసారం ఈదుతున్న ఆమె ఉందా అని చూడాలి. ఎస్సీ, ఎస్టీ సీట్లలో గెలిచిన అక్కలకు కష్టం రెండింతలు. కుర్చీ చూపించకుండా నిలబెట్టి మాట్లాడటం, ఉపసర్పంచ్ ఊళ్లో పెద్ద కులం మనిషైతే ఆయన ఇంటికే ఫైలు వెళ్లడం ఇప్పటికీ జరుగుతున్నాయి. తెలంగాణ 2018 చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలంది. ఆ రెండో సంతకం కోసం దళిత సర్పంచ్‌ను ఇంటి చుట్టూ తిప్పడం ఊరికి అవమానం. కార్యదర్శులు వినండి, ఫైలు పంచాయతీ ఆఫీసులోనే ఉండాలి, సంతకాలు చేసేవాళ్లే అక్కడికి రావాలి.

ఇప్పుడు కాస్త చేదు నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 300 గ్రామ పంచాయతీల్లో ఉపాధి హామీ ఎలా నడిచిందో ఫర్జానా అఫ్రీది, మరో ఇద్దరు పరిశోధకులు చూశారు. పనులూ ఖర్చులూ జనం ముందే తనిఖీ చేసే సోషల్ ఆడిట్ నివేదికలు ముందు పెట్టుకుని చూశారు. ఆడవాళ్లకు రిజర్వైన పంచాయతీల్లో మొదట్లో లొసుగులు, డబ్బు కారిపోవడం ఎక్కువగా ఉన్నాయి. కారణం అనుభవం లేకపోవడం. లెక్కల పుస్తకాలు చదవడం రాని సర్పంచ్‌ను కింది సిబ్బంది తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. కానీ అదే పదవీకాలంలో, అనుభవం వచ్చే కొద్దీ ఆ తేడా చెరిగిపోయింది, మగ సర్పంచులతో సమానమయ్యారు. దీన్ని దాచకూడదు. ‘చూశారా, ఆడవాళ్లకిస్తే ఇంతే’ అనేవాళ్లు మొదటి సగమే చెబుతారు. ‘ఆడవాళ్లు అవినీతి చెయ్యరు’ అనేవాళ్లు ఏదీ చూడరు. డబ్బు కారింది గుణం లేక కాదు, పుస్తకం తెలియక. అది నేర్పితే వచ్చే విద్య. అలాంటప్పుడు కాలం గడిచేదాకా ఆగి నేర్చుకోవడమెందుకు, మొదటి నెలలోనే నేర్చుకుందాం.

డబ్బు బయటికెళ్లే దారి ఇప్పుడు ఎక్కువగా డిజిటల్ కీ. పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ కీకి ఒక పిన్ ఉంటుంది, ఫోనుకు ఓటీపీ వస్తుంది. చాలా చోట్ల తప్పు మొదటి రోజే జరుగుతుంది, రిజిస్ట్రేషన్లో భర్త ఫోను నంబరు ఇస్తారు. అంతే, ఆ రోజు నుంచి సర్పంచ్ ఆయనే. ఇవాళ ఇంటికెళ్లగానే చూసుకోండి, బ్యాంకు ఖాతాకూ, డిజిటల్ కీకీ ఏ నంబరు ఉందో. మీ పేరు మీద సిమ్ము, మీ చేతిలో ఫోను, మీకు మాత్రమే తెలిసిన పిన్. కీని కార్యదర్శి బీరువాలో పిన్ చీటీతో సహా పెట్టి రావద్దు. రేపు రికవరీ నోటీసు వస్తే అది ఓటీపీ చెప్పినవాళ్ల పేరు మీద రాదు, కీ ఎవరి పేరు మీదుందో వాళ్లకు వస్తుంది.

బిల్లు పాస్ చేసే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టించుకోండి. ఆ పనికి పంచాయతీ చేసిన తీర్మానం, ఇంజనీరు కొలతలు రాసే ఎం-బుక్‌లో ఆ పని కొలతల పేజీ, బిల్లు. మూడింట్లో పని పేరు ఒకటే ఉండాలి. డబ్బు వెళ్లే ఖాతా పేరు బిల్లు మీది పేరే అయి ఉండాలి. తీర్మానం తేదీ పని మొదలైన తేదీకి ముందుండాలి. తర్వాతి తేదీ ఉంటే అక్కడే ఆగండి. సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకంలో ఆఖరి తీర్మానం కింద అడ్డగీత గీయించి, గీతకు ఆనుకుని సంతకం చెయ్యండి. గీతకూ సంతకానికీ మధ్య నాలుగు వరుసలు వదిలితే అక్కడ ఐదో తీర్మానం పుడుతుంది. ఖాళీ పేజీ మీద సంతకం, ఎంత అర్జెంటన్నా, ఎవరడిగినా చెయ్యొద్దు.

ఎం-బుక్ అంటే భయపడుతున్నారు. అది పొడవు, వెడల్పు, మందం గుణించడమే. సీసీ రోడ్డు 100 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు, 150 మిల్లీమీటర్లు మందం అని రాశారనుకోండి. 100ను 3తో గుణిస్తే 300, దాన్ని 0.15తో గుణిస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆరు అంగుళాల మందం అన్నమాట. నిజంగా వేసింది నాలుగు అంగుళాలైతే 30 ఘనపు మీటర్లే పడింది, పదిహేను ఘనపు మీటర్ల డబ్బు పోయింది. మూడో వంతు. మోసం జరిగేది ఎక్కువగా మందంలోనే, ఎందుకంటే పొడవూ వెడల్పూ అందరికీ కనపడతాయి. రోడ్డు అంచున ఆరు అంగుళాలు చూపించి మధ్యలో మట్టి ఎత్తుగా వదిలేస్తారు. అందుకే కాంక్రీటు పోయక ముందు వెళ్లాలి. రెండు పక్కల పలకల మీద అడ్డంగా తాడు లాగి, తాడు నుంచి కింది మట్టిదాకా మధ్యలో టేపు పెట్టి చూడండి. పోసేశాక ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చి చెప్పిందే లెక్క అవుతుంది. మీలో డ్వాక్రా సంఘం లీడర్లుగా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పొదుపు, అంతర్గత అప్పు, వాయిదాల పుస్తకాలు ఏళ్ల తరబడి రాసినవాళ్లకు ఇది కొత్త పుస్తకమే గానీ కొత్త విద్య కాదు.

ఇక సభ. సర్పంచ్ ఆడమనిషి అయినంత మాత్రాన సభలో ఆడవాళ్లు మాట్లాడేస్తారని అనుకోవద్దు. అమెరికాలో కార్పొవిట్జ్, మెండెల్‌బర్గ్ బృందం ఐదుగురేసి మనుషుల గుంపులు కట్టి, ఒక నిర్ణయం చెయ్యమని కూర్చోబెట్టింది. ఐదుగురిలో ఆడవాళ్లు ఒకరో ఇద్దరో ఉండి, ఎక్కువ ఓట్లు వచ్చిన మాటే నెగ్గుతుందన్న నియమం పెడితే, ఆ ఆడవాళ్లు మాట్లాడిన సమయం మగవాళ్ల కంటే బాగా తగ్గింది. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న నియమం పెట్టేసరికి, అంతే తక్కువ సంఖ్యలో ఉన్న ఆడవాళ్లు గొంతు విప్పారు. మనుషులు వాళ్లే, నియమం మారింది. తమిళనాడు గ్రామసభల్లో ఎవరేం మాట్లాడారో మాట మాట రాసి పరిశీలించినప్పుడు కూడా, ఆడవాళ్లు మాట్లాడేది తక్కువ, వాళ్లు ఎత్తిన విషయానికి అధికారులు సూటిగా జవాబిచ్చేదీ తక్కువే అని తేలింది. అధ్యక్షురాలు ఆడమనిషి అయిన చోట, ఆడవాళ్ల ప్రశ్నలకు జవాబు మెరుగైంది.

కాబట్టి సభ నడిపే పద్ధతి మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. వేళ దగ్గర మొదలుపెట్టండి. పదకొండు గంటలకు సభ అంటే కూలికెళ్లేవాళ్లు రారు, వంట వేళకు పెడితే ఇంకెవరూ రారు. మీ ఊళ్లో పనుల కాలం చూసుకుని వేళ పెట్టండి, మూడు రోజుల ముందు చివరి వాడలో కూడా దండోరా వేయించండి. సభకు ముందు రోజు డ్వాక్రా గ్రామ సంఘం ఆఫీసులో ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. అక్కడ పది సమస్యలు వస్తే, వాటిలో మూడింటిని ఎజెండాలో రాయించండి, ఎవరు లేచి చెప్పాలో అప్పుడే అనుకోండి. ఒక్కరే లేస్తే గొంతు పోతుంది, ఇద్దరు ముగ్గురు వరసగా లేస్తే నిలబడుతుంది. కుర్చీలు మగవాళ్లకు, చాపలు ఆడవాళ్లకు వేసే పద్ధతి మానిపించండి. అందరికీ కుర్చీలు, లేదా అందరికీ చాపలు.

మైకు విషయంలో జాగ్రత్త. మొదట మాట్లాడిన ముగ్గురు ఏ విషయం ఎత్తితే సభ దాని చుట్టూనే తిరుగుతుంది. మొదటి మైకు చివరి వాడకు ఇవ్వండి. గత సభలో ఇచ్చిన హామీలు చదవడంతో మొదలుపెట్టండి, ఉపన్యాసాలు ఆఖరుకు నెట్టండి. మినిట్స్‌లో ‘మహిళలు తాగునీటి సమస్య గురించి ప్రస్తావించారు’ అని రాస్తే ఆ సమస్య అక్కడితో చచ్చిపోయినట్టే. ఏ వార్డు, ఏ లైను, ఏం కావాలి, ఎవరు చెయ్యాలి, ఏ తేదీకి అని రాయాలి. 2021 నుంచి 2026 మార్చి దాకా నడిచిన పదిహేనో ఆర్థిక సంఘం, కేంద్రం పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసింది. పద్దులో డబ్బున్నా, అది ఏ వీధికి వెళ్లాలో మాత్రం మీ మినిట్స్ పుస్తకం చెప్పాలి.

వెనక కూర్చున్నవాళ్లకు రెండు మాటలు. భార్య పదవిని భర్త నడిపే పద్ధతి మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లారు, 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ కూడా వేసింది. మీలో చాలామంది చెడ్డవాళ్లు కారు. ఆమెకు తెలియదు, నేను చూసుకుంటానని మొదలవుతుంది, ఆమెకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది. సాయం చెయ్యాలనుంటే ఇంట్లో చెయ్యండి. సమావేశం ఉన్న రోజు పొద్దున వంట, పశువుల పని, పిల్లల్ని బడికి పంపడం మీరు చూడండి. కాగితం ఆమెకు అర్థం కాకపోతే ఇంటి దగ్గర చదివి చెప్పండి, నిర్ణయం ఆమెకు వదలండి. ఎంపీడీవో ఆఫీసు గేటుదాకా బండి మీద దింపండి, లోపలికి ఆమె వెళుతుంది. కార్యదర్శులూ, సర్పంచ్‌కు చెప్పాల్సింది సర్పంచ్ ఫోనుకే చెప్పండి. ఆయన ఎత్తితే ‘అమ్మగారికి ఇవ్వండి’ అనండి.

ఇదంతా ఒక్క ఐదేళ్ల కోసం కాదు. బీర్భూమ్‌లోనే మరో పరిశీలన చేశారు. ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతులో, ఒకసారి ఆడ గొంతులో రికార్డు చేసి ఊళ్లలో వినిపించారు. ఆడ నాయకత్వం ఎన్నడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులేశారు. చూసిన ఊళ్లలో ఆ తేడా కరిగిపోయింది. మగ నాయకుడే కావాలనే ఇష్టం మాత్రం అంత తేలిగ్గా పోలేదు, కానీ ఆడమనిషి పనిని పనిగా చూడటం అలవాటైంది. రెండు దఫాలు రిజర్వైన చోట, రిజర్వేషన్ పోయాక కూడా ఆడవాళ్లు నిలబడి గెలవడం పెరిగింది. 495 ఊళ్లలో పిల్లల సంగతి చూస్తే, రెండు దఫాలు ఆడ నాయకత్వం ఉన్న చోట కొడుకు మీదా కూతురి మీదా తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల్లో తేడా 25 శాతం తగ్గింది, పిల్లల సొంత ఆశల్లో తేడా 32 శాతం తగ్గింది. చదువులో అంతరం పూర్తిగా పోయింది. ఆడపిల్లలు ఇంటి పనికి పెట్టే సమయం కూడా తగ్గింది. 2012లో వచ్చిన లెక్క ఇది. మీరు కుర్చీలో కూర్చోవడం ఎనిమిదో తరగతి అమ్మాయి చూస్తోంది.

అందుకే రిజర్వేషన్ మారిపోగానే ఇంటికి వెళ్లిపోవద్దని అడుగుతున్నాను. జనరల్ సీటంటే మగవాళ్ల సీటని ఊళ్లో అనుకుంటారు. చట్టంలో అలా ఎక్కడా లేదు, జనరల్ సీటుకు ఎవరైనా నామినేషన్ వెయ్యొచ్చు. నేర్చుకోవడానికే మొదటి దఫాలో కొంత కాలం పోతుందని ఆంధ్రప్రదేశ్ లెక్క చూశాం కదా, ఆ నేర్చిన విద్య రెండో దఫాలోనే ఊరికి పూర్తిగా అక్కరకొస్తుంది. ఇప్పటి నుంచే ఒక పుస్తకం పెట్టండి. ఏ సభలో ఏం హామీ ఇచ్చారు, ఏ తేదీకి ఏ పని అయింది, ఎంత ఖర్చు, ఎవరు అడ్డం పడ్డారు, ఎలా సర్దుకుంది. ఐదేళ్ల తర్వాత ఓటు అడగడానికి అదే మీ కరపత్రం.

ఈ హాలు వెనక కొత్త సీసీ రోడ్డుకు పలకలు కట్టి ఉంచారు, కాంక్రీటు రేపు పోస్తారు. ఎం-బుక్ నకలు తెప్పించాం. టీ తాగి, టేపూ తాడూ తీసుకుని అక్కడికి వెళదాం. ముందు సర్పంచులు కొలుస్తారు, తర్వాత వార్డు మెంబర్లు.